నా రెఫరల్ లెటర్‌లో ఏం రాశారంటే

ఫ్యామిలీ డాక్టర్ “ఒకసారి సైకాలజిస్ట్‌ని కలవండి” అంటే చాలామందికి వినపడేది “ఇక నా వల్ల కాదు, వెళ్లండి” అని. నాకూ అలాగే వినపడింది. ఏళ్ల తరబడి మా ఇంట్లో అందరినీ చూసిన డాక్టర్ గారు మర్యాదగా వదిలించుకుంటున్నారేమో అనిపించింది. ఆయన ఉద్దేశం అది కాదు. కానీ అలా వదిలించుకునే డాక్టర్లూ లేకపోలేదు. ఎవరు ఎందుకు పంపుతున్నారో తెలియాలంటే వాళ్లు రాసిచ్చే రెఫరల్ లెటర్ చదవాలి. నేను ఆ లెటర్ డాక్టర్ల చేత రెండుసార్లు రాయించుకోవాల్సి వచ్చింది. మొదటిది ఎందుకూ పనికిరాలేదు. రెండోది లేకపోతే నా థెరపీ ఇంకోలా నడిచేది. అందుకే ఇక్కడ థెరపీ గురించి కంటే ఆ కాగితం గురించే ఎక్కువ చెబుతాను.

నా బాధ ఇది. ఏ కారణమూ లేకుండా ఉన్నట్టుండి గుండె దడ మొదలయ్యేది. ఊపిరి అందేది కాదు. చేతులు చల్లబడి వేళ్ల చివర్లు తిమ్మిరెక్కేవి. ఇప్పుడే, ఇక్కడే పడిపోతాననిపించేది. కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి వెళ్లి, అరగంటలోపు దానంతటదే తగ్గిపోయేది. అది తగ్గాక మొదలయ్యేది అసలు బాధ. మళ్లీ ఎప్పుడొస్తుందో, ఎవరి ముందు వస్తుందో అన్న టెన్షన్. లిఫ్ట్ ఎక్కడం మానేశాను. మీటింగ్ అంటే తలుపు పక్క కుర్చీ చూసుకునేదాన్ని. ఒంటరిగా దూరం వెళ్లాలంటే ఏదో ఒక వంక చెప్పేదాన్ని. గుండెకేదో అయ్యిందన్న అనుమానం మాత్రం వదల్లేదు.

డాక్టర్ గారు మొదట మనసు జోలికి పోలేదు. ఇప్పటికీ ఆయనలో నాకు నచ్చేది అదే. ఈసీజీ తీయించారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ రాశారు. బీపీ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూశారు. కాఫీ ఎన్నిసార్లు తాగుతారు, జలుబుకి ఏ మాత్ర వేసుకుంటారు, ఇన్‌హేలర్ ఏమైనా వాడుతున్నారా అని అడిగారు. ఇవన్నీ ఎందుకని అడిగితే విసుక్కోకుండా చెప్పారు. థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తే దడ, వణుకు, చెమటలు, నిద్రలేమి అన్నీ వస్తాయి. చూడటానికి అచ్చం ఆందోళనే. రక్తహీనతలోనూ దడ ఉంటుంది. ముక్కు దిబ్బడకి వాడే కొన్ని మందులు, ఆస్తమా ఇన్‌హేలర్లు గుండె వేగం పెంచుతాయి. వీటిని చూడకుండా “టెన్షన్ తగ్గించుకో అమ్మా” అనడం వైద్యం కాదు.

రిపోర్టులన్నీ నార్మల్. సంతోషించాల్సింది పోయి నీరసపడ్డాను. ఏదో ఒకటి దొరికితే దానికో మాత్ర ఉంటుంది, ఏమీ దొరకకపోతే ఏం చేస్తారు?

అప్పుడు ఆయన రెండు కాగితాలు నా ముందు పెట్టారు. ఒకటి పీహెచ్‌క్యూ-9, డిప్రెషన్ గురించి. ఇంకొకటి జీఏడీ-7, ఆందోళన గురించి. ఫ్యామిలీ డాక్టర్ల దగ్గర వాడటానికి వీలుగా తయారుచేసినవే ఇవి. మొదటిదాని మీద వ్యాసం 2001లో, రెండోదాని మీద 2006లో వచ్చాయి. గత 2 వారాల్లో ఈ ఇబ్బంది ఎంత తరచుగా కలిగింది అన్నది రెండింటిలోనూ ప్రశ్న. అస్సలు లేకపోతే 0, కొన్ని రోజులుంటే 1, సగం రోజుల కంటే ఎక్కువైతే 2, దాదాపు ప్రతిరోజూ ఉంటే 3. మొదటిదానికి మొత్తం 27, రెండోదానికి 21. దేనిలోనైనా 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్ ఇంకా లోతుగా చూడాలి. అంతే తప్ప ఆ అంకె రోగ నిర్ధారణ కాదు. ఈ కాగితం నింపి, మార్కులు చూసి, రోగం పేరు పెట్టి పంపేస్తే అది తొందరపాటే. మా డాక్టర్ గారు నా జీఏడీ-7 కాగితం చూసి, మార్కుల మాట ఎత్తకుండా, “మూడో ప్రశ్నకి 3 పెట్టారు. దేని గురించి అంత ఆలోచన?” అని అడిగారు. అరగంట మాట్లాడుకున్నాం. బయట పేషంట్లు ఎదురుచూస్తున్నారని నాకే ఇబ్బందిగా అనిపించింది, ఆయనకి కాదు.

పీహెచ్‌క్యూ-9లో చివరి ప్రశ్న ఆత్మహత్య ఆలోచనల గురించి. నేను 0 పెట్టాను. అయినా ఆయన నోటితో కూడా అడిగారు. ఆకలి ఎలా ఉందని అడిగినంత మామూలుగా, “చచ్చిపోతే బాగుండునని గానీ, మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకోవాలని గానీ ఎప్పుడైనా అనిపించిందా అమ్మా?” అన్నారు. “లేదండీ, ఎక్కడ చచ్చిపోతానోననే కదా నా భయమంతా” అన్నాను. ఇద్దరం నవ్వేశాం. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొందరు భయపడతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. నా జవాబు అవునని వచ్చి ఉంటే ఆయన ఈ లెటర్ రాసి వంతు కోసం ఆగమనేవారు కాదు, ఆ రోజే ఏం చేయాలో చూసేవారు.

ఇక ఎవరి దగ్గరికి అన్నది. సైకియాట్రిస్ట్ మెడిసిన్ చదివిన డాక్టర్, మందులు రాస్తారు. సైకాలజిస్ట్ మనస్తత్వ శాస్త్రం చదివి థెరపీలో శిక్షణ పొందినవారు, సాధారణంగా మందులు రాయరు. నాకున్నది పానిక్ డిజార్డర్‌లా, అంటే ఉన్నట్టుండి భయం ముంచెత్తే జబ్బులా ఉందని, దానికి సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే థెరపీ) గానీ, ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు (డిప్రెషన్‌కీ ఆందోళనకీ రోజూ వాడేవి) గానీ రెండూ పనిచేస్తాయని డాక్టర్ గారు చెప్పారు. మందు పని కనపడటానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో కొందరికి దడ కాస్త పెరిగినట్టు కూడా ఉంటుందని దాచకుండా చెప్పారు. “ఏదైనా మీ ఇష్టమే. ముందు థెరపీ చూసి, చాలకపోతే మందు కలుపుదాం. అప్పటికీ లొంగకపోతే సైకియాట్రిస్ట్‌కి రాస్తాను.” ఇలా రెండు మూడు మెట్ల ముందు సంగతి కూడా చెబితే పేషంట్‌కి ధైర్యం వస్తుంది.

అసలు డాక్టర్ రాస్తేనే వెళ్లాలా, నేరుగా వెళ్లకూడదా అని మా అక్క అడిగింది. వెళ్లొచ్చు, చాలాచోట్ల అడ్డేమీ లేదు. ఇంగ్లాండ్‌లో ప్రభుత్వ వైద్య సేవ నడిపే ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కి ఎవరికి వారే పేరు ఇచ్చుకోవచ్చు. ఆస్ట్రేలియాలో మాత్రం డాక్టర్ మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్ రాస్తే, ఏడాదికి 10 సెషన్ల వరకు ప్రభుత్వ బీమా నుంచి కొంత వెనక్కి వస్తుంది. కాబట్టి నియమం అన్నది దేశాన్ని బట్టి, బీమాని బట్టి. అయితే నియమం లేకపోయినా నేను డాక్టర్ ద్వారానే వెళ్తాను. ఎందుకన్నది ముందు ముందు తెలుస్తుంది.

మొదటి లెటర్ డాక్టర్ గారు రాయలేదు. ఆయన హడావిడిలో ఉంటే జూనియర్ డాక్టర్ రాసిచ్చారు. కవర్ అంటించి ఇవ్వడంతో నేను చదవలేదు. కొన్నాళ్లకి సైకాలజిస్ట్ క్లినిక్ నుంచి ఫోన్. “మీ రెఫరల్ అందింది గానీ, వివరాలు లేవు, తీసుకోలేం. మళ్లీ రాయించి పంపండి” అన్నారు. ఆ లెటర్ కాపీ తెప్పించుకుని చూస్తే అందులో ఉన్నది ఇంతే: “యాంగ్జయిటీ కేసు. చూడగలరు.” నా పేరు, వయసు, కింద సంతకం. ఈ మాత్రం దానికి ఇన్నాళ్లు ఎదురుచూశానా అని ఒళ్లు మండింది. వాళ్ల మీదా కోపం వచ్చింది, ఫోన్ చేసి నన్నే అడిగితే చెప్పనా అని.

లెటర్‌తో పాటు వాళ్లొక ఫారం పంపారు. అందులోని ప్రశ్నలు చదివాక క్లినిక్ వాళ్ల మీద కోపం సగం దిగింది. లక్షణాలు ఎప్పటి నుంచి, వాటివల్ల పేషంట్ ఏ పనులు మానుకున్నారు, శారీరక కారణాలు లేవని ఏ పరీక్షలతో తేల్చారు, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు, గతంలో ఏం వాడారు, ఇంతకు ముందు థెరపీ తీసుకున్నారా, ప్రాణానికి ప్రమాదం ఉందా, పేషంట్‌కి చెప్పే పంపుతున్నారా, మా నుంచి మీరు ఏం ఆశిస్తున్నారు. ఈ చివరి రెండూ నాకు బాగా నచ్చాయి. పేషంట్‌కి చెప్పకుండా పంపేవాళ్లు ఉంటారన్నమాట! ఎందుకు వచ్చారంటే “ఏమో, డాక్టర్ వెళ్లమన్నారు” అనే పేషంట్‌తో ఏ సైకాలజిస్ట్ అయినా ఏం చేయగలరు?

ఫారం పట్టుకుని డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మొదటి లెటర్ చూసి ముఖం చిట్లించి, “కూర్చోండి, ఇద్దరం కలిసి రాద్దాం” అన్నారు. ఒక్కో వాక్యం టైప్ చేస్తూ పైకి చదివారు. “ఉన్నట్టుండి వచ్చే గుండె దడ, ఊపిరి ఆడకపోవడం, చనిపోతానన్న భయం. కొద్ది నిమిషాల్లో తారస్థాయికి చేరి తగ్గుతుంది. మళ్లీ వస్తుందేమోనన్న భయంతో లిఫ్టులు, ఒంటరి ప్రయాణాలు మానుకున్నారు. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, బీపీ సాధారణం. వ్యాయామానికి అభ్యంతరం లేదు. ఆత్మహత్య ఆలోచనలు లేవు. పానిక్ డిజార్డర్ అని నా అనుమానం. దయచేసి పరిశీలించి, తగినదైతే సీబీటీ ఇవ్వగలరు. మందులు నేను చూసుకుంటాను.”

వ్యాయామం సంగతి ఎందుకు రాస్తున్నారో నాకు అప్పుడు తెలియలేదు.

మా ఇంటి గొడవ గురించి ఒక వాక్యం టైప్ చేస్తుంటే ఆపమన్నాను. అది నాకూ ఆయనకీ మధ్య మాట. ఇంకో క్లినిక్ ఫైల్లో నా పేరు కింద ఉండటం నాకు ఇష్టం లేదు. “అవసరమైతే నేనే చెప్పుకుంటానండీ” అంటే, వాదించకుండా ఆ వాక్యం కొట్టేశారు. “ఇంట్లో కొంత ఒత్తిడి ఉంది, వివరాలు వారే చెబుతారు” అని మార్చారు. లెటర్‌లో ఏం వెళ్లాలో, ఏం వెళ్లకూడదో అడిగే హక్కు మనకి ఉంది. కాకపోతే వైద్యానికి పనికొచ్చే విషయం దాచితే నష్టం మనకే.

దాచబోయింది ఒకటుంది నిజానికి. అంతకు ముందు వేరే డాక్టర్ దడ వచ్చినప్పుడు వేసుకోమని అల్ప్రాజోలం అనే, ఆందోళనని త్వరగా తగ్గించే మాత్ర ఇచ్చారు. ఒకటి రెండుసార్లు వేసుకున్నాను. ఆ తర్వాత వేసుకోలేదు గానీ స్ట్రిప్ మాత్రం బ్యాగులోనే ఉండేది. వాడటం లేదు కదా, చెప్పడం ఎందుకని నా లెక్క. “గతంలో ఏం వాడారు” అన్న ప్రశ్న దగ్గర ఆయన ఆగి నా వైపు చూస్తే, బ్యాగ్ తెరిచి స్ట్రిప్ బల్ల మీద పెట్టాను. ఆయన లెటర్‌లో ఇంకో వాక్యం చేర్చారు: “అల్ప్రాజోలం అరుదుగా వాడారు, ప్రస్తుతం వాడటం లేదు, కానీ వెంట ఉంచుకుంటారు.” ఆ రకం మందులు పానిక్ డిజార్డర్‌కి ఇవ్వవద్దని ఇంగ్లాండ్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యమో సూచించే నైస్ సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయని అప్పుడు తెలిసింది. రోజూ వాడేవాళ్లు మాత్రం ఉన్నపళంగా మానకూడదు, డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

లెటర్ కాపీ ఒకటి నాకూ ఇచ్చారు. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

లెటర్ వెళ్లాక మళ్లీ వెయిటింగ్. ఎక్కడైనా ఉండేదే. అలా ఎదురుచూసే రోజుల్లో పేషంట్ ఎవరి పేషంట్ అన్నది పెద్ద చిక్కు. డాక్టర్ “పంపేశాం కదా” అనుకుంటారు, సైకాలజిస్ట్‌కి మన ముఖమే తెలియదు. మా డాక్టర్ గారు మాత్రం, అక్కడ మొదలయ్యేదాకా నన్ను చూడటానికి రమ్మన్నారు. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానమన్నారు. రాత్రి నిద్ర పట్టినా పట్టకపోయినా పొద్దున్న ఒకే టైముకి లేవమన్నారు. దడ వచ్చినప్పుడు తేదీ, సమయం, అప్పుడు ఏం చేస్తున్నాను, ఏం ఆలోచించాను అన్నది చిన్న పుస్తకంలో రాసుకోమన్నారు. ఆ పుస్తకం థెరపీలో మొదటి రోజు నుంచే పనికొచ్చింది.

సైకాలజిస్ట్ నా కంటే చిన్నావిడ. నేను కూర్చునేసరికే డాక్టర్ గారి లెటర్ ఆవిడ ముందుంది, అక్కడక్కడా పెన్సిల్ గీతలతో. “మీ డాక్టర్ రాసింది చదివాను. ఇందులో మీకు తప్పనిపించేది ఏమైనా ఉందా?” అన్నది మొదటి ప్రశ్న. కథంతా మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తుందని బెంగపడుతూ వెళ్లినదాన్ని, తేలికపడ్డాను. తర్వాత గోప్యత గురించి చెప్పారు. నేను చెప్పేది బయటికి పోదు. నా ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉంటే, లేదా చట్టం తప్పనిసరి చేస్తే తప్ప. డాక్టర్ గారికి ఏం రాస్తారో కూడా నాకు చూపించాకే పంపుతామన్నారు.

పానిక్ ఎలా నడుస్తుందో బొమ్మ గీసి చెప్పారు. డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ 1986లో వివరించిన పద్ధతి అది. ఒంట్లో ఏదో చిన్న మార్పు వస్తుంది, మెట్లెక్కితే గుండె వేగం పెరిగినట్టు. మనసు దాన్ని “గుండెపోటు” అని చదువుతుంది. ఆ భయానికి అడ్రినలిన్ పెరిగి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. “చూశావా, నిజమే” అంటుంది మనసు. వేగంగా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. దాంతో భయం మరింత పెరుగుతుంది.

కొన్నాళ్లకి ఆవిడ, “ఇప్పుడు ఆ దడని మనమే తెప్పిద్దాం” అన్నారు. సన్నటి స్ట్రాతో ముక్కు మూసుకుని ఊపిరి తీయడం. తిరిగే కుర్చీలో గిరగిరా తిరగడం. నిలబడిన చోటే పరుగెత్తడం. నేను ఏ లక్షణాలకి భయపడుతున్నానో సరిగ్గా అవే వస్తాయి. వచ్చినా ఏమీ కాదని ఒంటికి తెలియాలన్నది ఉద్దేశం. నేను కుర్చీకి అతుక్కుపోయాను. “నా గుండెకి ఏమైనా అయితే?” ఆవిడ లెటర్ తిప్పి, పెన్సిల్‌తో గీత గీసిన చోట వేలు పెట్టి నా వైపు జరిపారు. వ్యాయామానికి అభ్యంతరం లేదు. “ఈ మాట మీ డాక్టర్ రాయకపోతే నేను ఇవాళ ఇది చేయించేదాన్ని కాదు. ముందు ఆయనకి ఫోన్ చేసేదాన్ని” అన్నారు. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, గర్భం ఉన్నవాళ్లకి ఈ ఎక్సర్‌సైజులు చేయించే ముందు డాక్టర్‌ని అడగాలట. నేరుగా వెళ్లగలిగినా డాక్టర్ ద్వారానే వెళ్తానని అన్నది ఇందుకే.

పరుగెత్తాను. దడ వచ్చింది, చెమట పట్టింది, పడిపోలేదు. భయం పదికి ఎంత అని రాయించారు. మళ్లీ పరుగెత్తించారు, మళ్లీ రాయించారు. ఇంట్లో చేయమన్నారు. నా గదిలో తలుపేసుకుని నిలబడిన చోటే పరుగెత్తుతుంటే ఇంట్లో వాళ్లు ఏమనుకున్నారో నాకు తెలుసు, వదిలేద్దాం.

మాత్రల స్ట్రిప్ సంగతీ ఆ లెటర్ వల్లే బయటపడింది. “ఇప్పుడు వేసుకోరు కదా, మరి బ్యాగులో ఎందుకు?” అని అడిగారు. ఉంటే ధైర్యం అన్నాను. “అది ఉన్నంతకాలం, మీరు బయటపడిన ప్రతిసారీ ఆ పేరంతా స్ట్రిప్‌కే పోతుంది, మీకు రాదు” అన్నారు. తలుపు పక్క కుర్చీ, వెంట మనిషి ఉండాలనుకోవడం, నీళ్ల బాటిల్ లేనిదే కదలకపోవడం, ఇవన్నీ ఆ కోవలోవేనట. ఒక్కొక్కటే వదిలించుకున్నాను. అన్నిటికంటే స్ట్రిప్‌కే ఎక్కువ సమయం పట్టింది. మొదట బ్యాగులో నుంచి కారులోకి, అక్కడి నుంచి ఇంట్లో అల్మరాలోకి, చివరికి డాక్టర్ గారి టేబుల్ మీదికి వెళ్లింది.

పానిక్‌కి సీబీటీ మొత్తం 7 నుంచి 14 గంటలు ఉంటే మంచిదని నైస్ వాళ్ల మాట. నాది ఆ లెక్కకి అటూ ఇటూగానే ముగిసింది. అందరికీ ఇంత సాఫీగా సాగుతుందని చెప్పను. నాకు తెలిసిన ఒకావిడకి, పంపిన చోట సైకాలజిస్ట్‌తో అస్సలు కుదరలేదు. వారాల తరబడి బాల్యం గురించి మాట్లాడించారట, ఏం చేయబోతున్నారో ఒక్కరోజూ చెప్పలేదట. ఆవిడ మానేసి ఊరుకుంది. ఊరుకోనక్కర్లేదు. పంపిన డాక్టర్ దగ్గరికే వెళ్లి ఆ మాటే చెబితే ఇంకొకరికి రాస్తారు. డాక్టర్ నొచ్చుకుంటారేమో, మళ్లీ మొదటికి వస్తుందేమో అని మొహమాటపడి చాలామంది మధ్యలో ఆగిపోతారు. ఏ పద్ధతిలో చేస్తారు, సుమారు ఎంతకాలం, ఫలితం ఉందో లేదో ఎలా చూస్తారు అని మొదట్లోనే సైకాలజిస్ట్‌ని అడగొచ్చు. మంచివాళ్లు ఆ ప్రశ్నకి చిరాకుపడరు.

సైకాలజిస్ట్ నుంచి డాక్టర్ గారికి తిరుగు లెటర్లు వెళ్లాయి. పరిచయం అయ్యాక ఒకటి, ముగించాక ఒకటి. రెండూ ఒక్కో పేజీకి మించలేదు, మా ఇంటి గొడవ ఒక్కదానిలోనూ లేదు. చివరిదానిలో డాక్టర్ గారికి ఒక విన్నపం ఉంది. కొత్త లక్షణం ఏదీ లేకుండా కేవలం ధైర్యం కోసం పేషంట్ పరీక్షలు అడిగితే, దయచేసి రాయవద్దు. నార్మల్ అని వచ్చిన రిపోర్ట్ కొన్నాళ్లు ధైర్యమిచ్చి, మళ్లీ ఇంకో రిపోర్ట్ కావాలనిపిస్తుంది. అదీ స్ట్రిప్ లాంటిదే.

ఆ విన్నపం వట్టి మర్యాద కోసం రాసింది కాదని ఈ మధ్యే తెలిసింది. ఆఫీసులో పని ఒత్తిడి పెరిగి, ఒక సాయంత్రం పాత దడ మళ్లీ వచ్చింది. మర్నాడే డాక్టర్ గారి ముందు కూర్చుని, “ఒకసారి ఈసీజీ తీయిద్దామా అండీ” అన్నాను. ఆయన నాడి చూశారు, బీపీ చూశారు. ఏం చేస్తుండగా వచ్చింది, ఎంతసేపుంది, స్పృహ తప్పిందా, మెట్లెక్కేటప్పుడు ఛాతీ నొప్పి వస్తోందా అని వరసగా అడిగారు. లేదన్నాను. “నడిచేటప్పుడు ఛాతీ పట్టేసినట్టయినా, కళ్లు తిరిగి పడిపోయినా అర్ధరాత్రయినా సరే వెంటనే రావాలి, ఇలా అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు. ఇప్పుడు మీరు చెప్పింది అది కాదు. స్ట్రా ఎక్సర్‌సైజ్ ఈ మధ్య చేశారా?” అన్నారు. చేయలేదు. “ఈ వారం చేసి, భయం పదికి ఎంత వచ్చిందో నాకు ఫోన్ చేసి చెప్పండి. తగ్గకపోతే ఆవిడకి ఇంకో లెటర్ రాస్తాను” అన్నారు. ఈసీజీ రాయలేదు.